కొవ్వు గడ్డ అన్నారు, చాప అల్లిక కనిపించింది

పోయినేడు దసరాకు ముందు ఒక మధ్యాహ్నం, నర్సంపేట వైపు నుంచి ఒక కుర్రాడు హనుమకొండలోని మా ల్యాబుకి వచ్చి కౌంటరు మీద డబ్బా పెట్టాడు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా, నిండా ఫార్మాలిన్, అందులో నిమ్మకాయంత కండ ముక్క. ముక్క మీద అరచంద్రాకారంలో కొంచెం చర్మం ఉంది.

"మా అక్కది సార్. భుజం మీద గడ్డ. మూడోసారి తీసిన్రు."

మొదటి రెండుసార్లు తీసినవి ఎక్కడ పరీక్ష చేయించారని అడిగాను. అతను నా మొహం వైపు వింతగా చూశాడు. "అవా? పారేసిన్రు సార్. కొవ్వు గడ్డనే కదా, దీనికి టెస్టులెందుకు అన్నరు."

ఐదేళ్లలో రెండుసార్లు తీసిన గడ్డ రెండుసార్లూ బకెట్లోకి పోయింది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ బకెట్టే. (మనిషిని గుర్తుపట్టకుండా ఊరు, వయసు లాంటివి కొన్ని మార్చాను.)

మన దగ్గర ఒంటి మీద గడ్డ లేచిందంటే పదిలో తొమ్మిదిసార్లు అది నిజంగానే కొవ్వు గడ్డో, చీము గడ్డో, సెబేషియస్ తిత్తో అయి ఉంటుంది. అందుకే ఆ పదోది తప్పించుకుంటుంది. డబ్బాలో వచ్చిన ఆ ముక్క చివరికి డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యూబరాన్స్ అని తేలింది. పేరు నోరు తిరగనిది కాబట్టి మేమంతా డీఎఫ్ఎస్‌పీ అంటాం. చర్మం లోపలి పొరలో పుట్టే అరుదైన క్యాన్సర్ ఇది. అమెరికా లెక్కల ప్రకారం పది లక్షల మందిలో ఏటా సుమారు నలుగురికి వస్తుంది. 1924లో ఫ్రాన్సులో డారియే, ఫెర్రాన్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని వివరంగా రాశారు. మరుసటి ఏడాది హాఫ్‌మన్ ఇప్పుడున్న పేరు పెట్టాడు. ఎక్కువగా ఇరవై నుంచి యాభై ఏళ్ల మధ్య వాళ్లకి, ఛాతీ, వీపు, పొట్ట, భుజం లాంటి చోట్ల మొదట గట్టి మచ్చలా మొదలై ఏళ్ల తరబడి నిదానంగా పెరుగుతుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. పత్తి ఏరే మనిషి, బీడీలు చుట్టే మనిషి నొప్పి లేని గడ్డ కోసం పని మానుకుని ఆసుపత్రికి రారు. వచ్చేసరికి చిన్న చిన్న బుడిపెలు లేచి, చూసేవాళ్లకి కాలిన మచ్చ పెరిగినట్టు, కీలాయిడ్‌లా కనిపిస్తుంది.

దీని స్వభావం అర్థం కావాలంటే ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది ఊపిరితిత్తులకో, మరో చోటికో పాకడం అరుదు, నూటికి ఐదుగురిలోపే. కానీ పుట్టినచోట వేళ్లు తన్నుతుంది. పైకి నిమ్మకాయంత కనిపిస్తే అడుగున చర్మం కింద కొవ్వులోకి, పక్కలకి, కంటికి కనిపించని దారాలు పోయి ఉంటాయి. గడ్డను మాత్రమే వలిచి తీస్తే ఆ దారాలు లోపలే మిగిలిపోతాయి, ఏడాదికో మూడేళ్లకో మళ్లీ లేస్తుంది. "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతది" అని మన ఊళ్లలో ఒక భయం ఉంది. దీని విషయంలో జరిగేది వేరు. కత్తి పెట్టడం వల్ల కాదు, పేరు తెలియకుండా సగమే కోయడం వల్ల తిరిగి వస్తుంది. పేరు తెలిస్తే సర్జన్ చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మంచి చర్మంతో కలిపి, కింద కండరం మీది పొర దాకా తీస్తారు. పేరు తెలియకపోతే గడ్డంత మేరకే తీస్తారు. మరి ఆ పేరు ఎలా తేలుతుంది?

డబ్బాతోనే మొదలవుతుంది. ఒంటి నుంచి విడిపోయిన కండ ఆ నిమిషం నుంచే కుళ్లడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపేది ఫార్మాలిన్. 1893లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్లూమ్ దీని గుణాన్ని గుర్తించాడు. ఇది ప్రోటీన్లను ఒకదానికొకటి ముడివేసి, కణం ఏ రూపంలో ఉందో ఆ రూపంలోనే బిగించేస్తుంది. అయితే ఇది కండలోకి దిగేది గంటకి సుమారు ఒక మిల్లీమీటరు. ముక్కకి కనీసం పది రెట్లు ఫార్మాలిన్ ఉండాలి. సెలైన్ బాటిల్లో వేసి, పచ్చడి సీసాలో పెట్టి, తడి గుడ్డలో చుట్టి తెచ్చిన ముక్కలు నేను చాలా చూశాను. వాటిలో కణాలు ఉబ్బి, కేంద్రకాలు కరిగి, చూడ్డానికి ఏమీ మిగలదు. ఆ బాధ మాది మాత్రమే కాదు, రోగి మళ్లీ కత్తి కిందికి వెళ్లాలి. ఈ కుర్రాడి డబ్బా సరిగ్గా వచ్చింది. ఆ మూడో సర్జన్‌కి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. డబ్బాతో వచ్చిన కాగితం మీద "భుజం, ఐదేళ్లుగా, రెండుసార్లు తీశాక మళ్లీ" అని రాసి ఉంది. ముక్కకి పైవైపు పొట్టి దారం, బయటి వైపు పొడవు దారం కుట్టి ఉన్నాయి. ఏది ఏ దిక్కో చెప్పే గుర్తులవి. చాలా కాగితాల మీద "గడ్డ" అని ఒక్క మాటే ఉంటుంది.

ముక్క మీద చర్మం లేని అంచులన్నిటికీ నల్ల సిరా పూశాం, సర్జన్ కోసిన అంచు ఎక్కడుందో తర్వాత సూక్ష్మదర్శిని కింద తెలియడానికి. తర్వాత బ్రెడ్డులా పలకలుగా కోశాం. లోపల తెల్లగా, బూడిద రంగు కలిసి, కత్తికి గట్టిగా తగిలింది. కొవ్వు గడ్డ అయితే పసుపు పచ్చగా, వెన్నలా ఉండి కత్తికి ఆనదు. అప్పుడే అనుమానం మొదలైంది. పలకల్లోంచి చిన్న ముక్కలు తీసి, రాత్రంతా యంత్రంలో ఆల్కహాల్‌తో నీళ్లు పిండి, జైలీన్ అనే ద్రావకంతో ఆల్కహాల్ తీసి, కరిగిన మైనం ఎక్కించాం. తెల్లారేసరికి అవి మైనపు దిమ్మలు, అంటే బ్లాకులు. మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద వాటిని నాలుగు మైక్రాన్ల పొరలుగా గీస్తాం. మనిషి వెంట్రుక మందంలో సుమారు ఇరవయ్యో వంతు అది. ఆ పొరను గోరువెచ్చని నీటి మీద తేలేస్తే ముడతలు విప్పుకుంటుంది. దాన్ని గాజు పలక మీదికి ఎత్తుకోవడం చేతి నైపుణ్యం. మా టెక్నీషియన్ అది చేస్తుంటే పాల మీగడ తీస్తున్నట్టే ఉంటుంది.

ఇప్పుడా పొరలో ఏ రంగూ లేదు. సూక్ష్మదర్శిని కింద పెడితే గాజే కనిపిస్తుంది. అందుకే రంగులు. హెమటాక్సిలిన్ మెక్సికో ప్రాంతపు చెట్టు చేవ నుంచి తీసే పదార్థం. దానికి తనంతట తాను కణాన్ని పట్టుకునే బలం లేదు. మధ్యలో పటిక కావాలి. నూలుకి చెట్ల రంగులు అద్దేవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. షత్రంజీలు నేసే కొత్తవాడ ఉన్న వరంగల్‌లో అయితే మరీనూ. పటిక ఒక చేత్తో దారాన్ని, ఇంకో చేత్తో రంగునీ పట్టుకుంటుంది. ఇక్కడ దారం బదులు కేంద్రకంలోని డీఎన్ఏ ఉంటుంది. కేంద్రకం నీలి ఊదా రంగుకి తిరుగుతుంది. తర్వాత ఇయోసిన్ వేస్తే మిగతాదంతా గులాబీ రంగు. ఈ రెండు రంగుల జంటను 1876 నుంచి వాడుతున్నారు. ఇప్పటికీ ప్రపంచంలో ఏ కణితికైనా మొదట వేసేది దీన్నే.

స్లైడ్ చేతికి రాగానే పెద్ద లెన్సు పెట్టాలనిపిస్తుంది. అది చేయకూడదని మా గురువులు నేర్పారు. ముందు చిన్న లెన్సులో, ఊరిని గుట్ట మీది నుంచి చూసినట్టు చూడాలి. పైన చర్మపు పొర పలచబడి ఉంది. దాని కింద సన్నని ఖాళీ పట్టీ. ఆ కింద లోపలి చర్మమంతా నీలంగా, కిక్కిరిసి. ఇంకా కింద కొవ్వు ఉండాల్సిన చోట నాకు కావలసింది దొరికింది. మామూలు కొవ్వు తెల్లటి గదుల గూడులా ఉంటుంది. ఇక్కడ ఆ గదుల గోడల వెంబడి నీలి కణాలు పాకి, ఒక్కొక్క కొవ్వు కణాన్ని చుట్టుముట్టి వదిలేశాయి. తేనెపట్టుకి గోడలు మందమైతే ఎలా ఉంటుందో అలా. చర్మంలోని చెమట గ్రంథుల్ని కూడా చంపలేదు, చుట్టూ ప్రవహించి ముందుకెళ్లింది. తిరిగి తిరిగి రావడానికి కారణం ఆ ఒక్క దృశ్యంలో ఉంది. వేలితో తాకితే గడ్డకి అంచు తెలుస్తుంది, ఇక్కడ చూస్తే దానికి అంచే లేదు.

లెన్సు మార్చాను. కణాలన్నీ నూలు వడికే కదురులా ఉన్నాయి, నడుమ లావు, రెండు కొసలా సన్నం. ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. భయపెట్టే వికార కేంద్రకాలు లేవు, విభజన జరుపుకుంటున్న కణాలు చాలా కొద్ది. క్యాన్సర్ అంటే కణాలు వికృతంగా ఉండాలని పుస్తకాల్లో చదివినవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఈ కణాల తప్పు మొహంలో ఉండదు, అమరికలో ఉంటుంది. ఒక చిన్న గుత్తి ఇటు నుంచి, ఇంకోటి అటు నుంచి వచ్చి, ఒక బిందువు దగ్గర కలిసి మళ్లీ విడిపోతాయి. మా భాషలో దీన్ని స్టోరిఫామ్ అంటారు. లాటిన్‌లో ఆ మాట మూలానికి అర్థం చాప. బండి చక్రపు ఆకుల్లా ఉందని కూడా అంటారు. నాకు మాత్రం ప్రతిసారీ మా అమ్మమ్మ ఇంట్లో ఈత చాపే గుర్తొస్తుంది.

కానీ చాప అల్లిక కనిపించింది కదా అని రిపోర్టు రాసేయకూడదు. కదురు కణాలతో అల్లుకునే గడ్డలు చర్మంలో చాలా ఉన్నాయి. డెర్మటోఫైబ్రోమా అనే నిరపాయకరమైన గడ్డ దీనికి దగ్గరి పోలిక. అది సాధారణంగా కాళ్ల మీద వస్తుంది, దాని పైనున్న చర్మం పలచబడదు, మందమై నల్లబడుతుంది. అందులో కొవ్వు మింగిన నురగ కణాలు, ఇనుము మరకలు ఉంటాయి, అంచుల్లో మందపాటి కొల్లాజెన్ ఉండల్ని కణాలు పట్టుకుని ఉంటాయి. కొవ్వులోకి దిగినా ఇలా గదిగదినీ ఆక్రమించదు. ఆ గడ్డ అయితే మామూలుగా తీస్తే చాలు. నరపు తొడుగులో పుట్టే న్యూరోఫైబ్రోమా ఉంది. కీలాయిడ్ ఉంది. ఇవన్నీ వదిలి ఈమె విషయంలో అసలు చిక్కు ఒకటుంది. రెండుసార్లు కోసిన చోట మచ్చ ఉంటుంది. మచ్చలోనూ కదురు కణాలే! నా ముందున్న నీలి కణాల్లో మానిన గాయం ఎంత, కణితి ఎంత? రెండు రంగులు ఇక్కడిదాకానే తీసుకొస్తాయి.

ఇక్కడి నుంచి దారి ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీది. పేరు పొడవు గానీ ఆలోచన సూటిగానే ఉంటుంది. ప్రతి జాతి కణం తన ఒంటి మీద కొన్ని ప్రత్యేకమైన ప్రోటీన్లు ధరిస్తుంది. ఫలానా ప్రోటీన్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీని పొర మీద పోసి, దాని వెనక రంగు తెచ్చే ఎంజైమును తగిలిస్తే, ఆ ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు తేలుతుంది. 1941లో ఆల్బర్ట్ కూన్స్, ఆయన సహచరులు యాంటీబాడీకి మెరిసే రంగు అంటించి దీనికి దారి వేశారు. 1975లో కోహ్లర్, మిల్‌స్టైన్ ఒకే రకం యాంటీబాడీని ఎంతకావాలంటే అంత తయారు చేసే పద్ధతి కనిపెట్టాక ఇది మా బల్లల మీదికి వచ్చింది. 1984లో వాళ్లకి నోబెల్ వచ్చింది. ఒక అడ్డంకి మాత్రం ఉండేది. ఫార్మాలిన్ వేసిన ముడుల కింద ఆ ప్రోటీన్లు దాక్కుంటాయి. పొరలను సరైన ద్రావణంలో ఉంచి బాగా వేడి చేస్తే ముడులు విడతాయని 1991లో తేలింది. ఈ పనికి చాలా ల్యాబుల్లో వాడేది మనింట్లో పప్పు ఉడికించే ప్రెషర్ కుక్కరే.

మేం వేసిన మొదటి యాంటీబాడీ సీడీ34. డీఎఫ్ఎస్‌పీ కణాలు దీన్ని దట్టంగా పట్టుకుంటాయి, డెర్మటోఫైబ్రోమా పట్టుకోదు. స్లైడ్ పెట్టగానే నేను చూసింది కణితిని కాదు, రక్తనాళాలను. నాళాల లోపలి పొర ఎప్పుడూ సీడీ34కి గోధుమ రంగులోకి మారాలి. అది మారకపోతే ఆ రోజు రంగే పనిచేయలేదని అర్థం, మిగతాదేదీ నమ్మకూడదు. నాళాలు గోధుమ రంగులో ఉన్నాయి. తర్వాత కణితి చూశాను. కొవ్వు గదుల గోడల దాకా, ఆ చాప మొత్తం గోధుమ రంగు. దాని మధ్యలో రెండు అడ్డపట్టీలు మాత్రం రంగు పట్టకుండా తెల్లగా మిగిలాయి. రెండు పాత ఆపరేషన్ల మచ్చలవి. మామూలు రంగుల్లో కలిసిపోయిన మచ్చా కణితీ ఇక్కడ వేరుపడ్డాయి.

కానీ సీడీ34 ఒక్కదాన్నీ నమ్ముకుంటే మోసపోతాం. న్యూరోఫైబ్రోమాలోనూ కొన్ని కణాలు దానికి రంగు తేలుతాయి, సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అనే మరో కణితిలోనూ తేలుతుంది, కదురు కణాల కొవ్వు గడ్డలోనూ తేలుతుంది. అందుకే మిగతావాళ్లనీ పిలిచి అడగాలి. ఎస్100 వేశాం, నరానికి, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి సంబంధించిన కణాలైతే పట్టేవి. పట్టలేదు. ఫ్యాక్టర్ 13ఏ వేశాం, డెర్మటోఫైబ్రోమా అయితే తేలాలి. కణితి మధ్య చెదురుమదురుగా ఉన్న మామూలు కణాల్లో తప్ప ఎక్కడా లేదు. కండరపు కణాలను పట్టే ఎస్ఎంఏ, డెస్మిన్ రెండూ కండరపు జాడ లేదన్నాయి. స్టాట్6 వేస్తే సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ కూడా పక్కకి తప్పుకుంది. "లేదు" అన్న జవాబులు ఇక్కడ "అవును" అన్న జవాబుతో సమానమైన బరువు మోస్తాయి. రోగి బంధువులు తరచూ అడుగుతుంటారు, ఒక్క గడ్డకి ఇన్ని టెస్టులెందుకని. బిల్లు పెంచడానికి కాదని వాళ్లకి ఓపిగ్గా చెప్పాలి.

ఇంకొకటి వెతకకుండా స్లైడ్లు పక్కన పెట్టకూడదు. కొన్ని డీఎఫ్ఎస్‌పీల్లో ఒక మూల అల్లిక మారిపోతుంది. చాప పోయి, చేప ముల్లులా ఏటవాలు వరసలు వస్తాయి. కణాలు చిక్కబడతాయి, విభజనలు పెరుగుతాయి, సీడీ34 రంగు పలచబడుతుంది. దాన్ని ఫైబ్రోసార్కోమా మార్పు అంటాం. ఊపిరితిత్తులకి పాకే ప్రమాదం పెరిగేది అలాంటి వాటిలోనే. అది ఒక చిన్న మూలలోనే ఉండొచ్చు కాబట్టి ఒకటీ రెండూ కాదు, చాలా బ్లాకులు చూడాలి. సన్నటి సూదితో చేసే ఎఫ్ఎన్ఏసీ పరీక్షగానీ, పైపైన చెక్కిన బయాప్సీగానీ ఈ జబ్బులో సరిపోకపోవడానికి కారణం ఇదే. సూదికి కణాలు వస్తాయి, అల్లిక రాదు. పైపై ముక్కలో కొవ్వు ఉండదు, తేనెపట్టు కనిపించదు. ఈమె ముక్కలో ఆ మార్పు ఎక్కడా లేదు. చివరి బ్లాకు చూశాక ఊపిరి పీల్చుకున్నాను.

అనుమానం మిగిలితే జన్యువుల దాకా వెళ్లొచ్చు. పది మందిలో తొమ్మిది మందికి పైగా ఈ కణితి ఒకే తప్పు నుంచి పుడుతుంది. పదిహేడో క్రోమోజోము మీద కొల్లాజెన్ తయారీ జన్యువు ఒకటుంది. ఇరవై రెండో దాని మీద కణాలను పెరగమని చెప్పే పీడీజీఎఫ్‌బీ అనే జన్యువుంది. ఈ రెండూ తెగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. బాయికాడ మోటారున్న ప్రతి రైతుకీ ఇది వెంటనే అర్థమవుతుంది. చర్మపు కణంలో కొల్లాజెన్ జన్యువు ఎప్పుడూ కరెంటు ఉండే లైను. అవసరమైనప్పుడే వేయాల్సిన మోటారును తెచ్చి ఆ లైనుకి కలిపేస్తే ఎప్పటికీ ఆగదు. పెరుగు పెరుగు అనే సందేశం ఆ కణం తనకు తానే రాత్రింబవళ్లు పంపుకుంటుంది. ఫిష్ అనే పరీక్షలో ఆ అతుకు మెరిసే చుక్కలుగా కనిపిస్తుంది. ఆ సందేశాన్ని అందుకునే తలుపును మూసే మందే ఇమాటినిబ్. రక్త క్యాన్సర్ కోసం వచ్చిన ఈ మాత్రను, ఆపరేషన్‌తో తీయలేని, తిరిగొచ్చిన, పాకిన డీఎఫ్ఎస్‌పీకి వాడటానికి 2006లో అమెరికా అనుమతించింది.  ఆ అతుకు లేని కణితికి ఈ మందు పనిచేస్తుందని ఆశించలేం, కాబట్టి మందు మొదలుపెట్టే ముందు ఫిష్ చేయించడం మంచిది.

ఈమెకి మాత్రం మందు అవసరం రాలేదు. రిపోర్టులో పేరు కంటే కింద రాసిన వాక్యం ముఖ్యమైనది: "లోతు అంచున, బయటి అంచున కణితి కణాలు సిరాను తాకుతున్నాయి." ఇంకా లోపల మిగిలి ఉందని దానర్థం. హైదరాబాద్‌లో క్యాన్సర్ సర్జన్ దగ్గరికి వెళ్లమని చెప్పి, స్లైడ్లు, బ్లాకులు పెట్టి ఇచ్చాను. రోగి అడిగితే బ్లాకులు ఇవ్వాలి. రెండో అభిప్రాయానికి, ఫిష్ పరీక్షకి ఆ మైనపు దిమ్మే ఆధారం, ఏళ్ల తర్వాత కూడా దాన్నుంచి కొత్త పొరలు గీయొచ్చు. రెండుసార్లు బకెట్లోకి పోయిన వాటికి ఆ అవకాశం లేకుండా పోయింది. అక్కడ వెడల్పుగా కోసి, తొడ చర్మం తెచ్చి అతికారు. ఆ రిపోర్టు ఫోన్‌లో నాకు పంపారు. అక్కడ కోసి తీసిన ముక్కలో పాత మచ్చ చుట్టూ కొంత కణితి ఉంది, కానీ అన్ని వైపులా సిరాకి దూరంగా, మంచి కండ మధ్యలో ఆగింది.

సంక్రాంతి అయ్యాక ఒకరోజు ఆమే స్వయంగా వచ్చింది, తమ్ముడితో. భుజం చూపించింది. అతికిన చర్మం కొంచెం నల్లగా, పక్క చర్మంతో కలవకుండా ఉంది, అంతే. ఆరు నెలలకోసారి చూపించుకోవాలని చెప్పారట.

"పత్తి ఏరుడు అయిపోయినంక వచ్చిన సార్, లేటైంది" అంటూ సంచిలోంచి పాత న్యూస్‌పేపర్ చుట్ట తీసింది. విప్పితే బ్లాకులు. "అక్కడ సార్లు చూసి ఇచ్చిన్రు. ఇవి మీ దగ్గరనే ఉండాలెనట కదా."

నంబర్లు సరిచూసుకుని, డ్రాయర్లో వాటి చోట్లో పెట్టాను.